ఎవరి పిల్లలు బడికి రావచ్చు

లండన్‌కి తూర్పు వైపు, ఈస్ట్ హామ్‌లో ఒక ప్రైమరీ స్కూలు ఆఫీసులో ఉద్యోగం నాది. బడి గుమ్మంలో అడుగు పెట్టినవాళ్ళకి ముందు కనిపించేది నా కిటికీయే. ఆలస్యంగా వచ్చిన పిల్లల పేర్లు రాసుకోవడం, కడుపునొప్పి అన్నవాళ్ళ ఇళ్ళకి ఫోన్ చేయడం, ఆ రోజు ఎంతమందికి వండాలో పొద్దున్నే వంటగదికి చెప్పడం, అడ్మిషన్ కాగితాలు సరిచూడడం నా పనులు. మా పేటలో తమిళ, మలయాళ, బెంగాలీ, గుజరాతీ కుటుంబాలతో పాటు తెలుగువాళ్ళూ బాగానే ఉంటారు. ఏ బిడ్డ బడికి రావచ్చు, ఏ బిడ్డ రాకూడదు అని తేల్చే అధికారం ఆఫీసు గుమాస్తాకి ఏ దేశంలోనూ ఉండదు. 2020 మార్చిలో మాత్రం ఆ పని చాలావరకు నా టేబుల్ మీదే జరిగింది.

మార్చి 18, బుధవారం సాయంత్రం విద్యాశాఖ మంత్రి గావిన్ విలియమ్సన్ పార్లమెంటులో ప్రకటన చేశారు. శుక్రవారం గంట కొట్టాక ఇంగ్లండ్‌లో బళ్ళన్నీ మూత. మళ్ళీ ఎప్పుడు తెరిచేదీ తర్వాత చెబుతారు. వేసవి పరీక్షలు రద్దు. అయితే తాళం పూర్తిగా వేయడానికి లేదు. రెండు రకాల పిల్లలకి తలుపు తీసే ఉంచాలి. కరోనా కాలంలో ఆగిపోతే దేశం నడవని పనులు చేసేవాళ్ళ పిల్లలు ఒక రకం. సోషల్ వర్కర్ పర్యవేక్షణలో ఉన్నవాళ్ళు, ప్రత్యేక అవసరాల కోసం ప్లాన్ రాసి ఉన్నవాళ్ళు రెండో రకం. ఆ ఆగకూడని పనులేవో జాబితా ఇస్తామన్నారు.

ఆ జాబితా గురువారం రాత్రి బాగా పొద్దుపోయాక వచ్చింది. అందులో ఎనిమిది వర్గాలు. ఆస్పత్రులు, వృద్ధాశ్రమాలు, ఇళ్ళకెళ్ళి సేవ చేసే కేర్ వర్కర్లు, బళ్ళు, పసిపిల్లల కేంద్రాలు, కోర్టులు, అంత్యక్రియలు చూసేవాళ్ళు, మత సేవకులు, ప్రజలకు వార్తలందించే పాత్రికేయులు, ప్రభుత్వ కార్యాలయాలు, తిండి వస్తువుల తయారీ, పంపిణీ, అమ్మకం, పోలీసులు, సైన్యం, ఫైర్ సర్వీసు, బస్సులు, రైళ్ళు, చివరికి కరెంటు, నీళ్ళు, గ్యాసు, ఫోన్లు, పోస్టు, బ్యాంకులు, ఐటీ. తల్లిదండ్రుల్లో ఒక్కరు ఇందులో ఉన్నా చాలన్నారు. ఆ పక్కనే ఇంకో మాట కూడా ఉంది: పిల్లలు ఇంట్లో క్షేమంగా ఉండే వీలుంటే ఇంట్లోనే ఉంచండి. ఈ రెండు వాక్యాల మధ్య ఇరుక్కునే మేం తర్వాతి ఏడాదంతా గడిపాం.

శుక్రవారం పొద్దున బడి తెరవకముందే కిటికీ ముందు వరస కట్టారు. అందరి చేతుల్లోనూ ఏదో ఒక కాగితం. పక్కనున్న ప్లాస్టో ఆస్పత్రి నర్సు తన మెడలోని ఐడీ కార్డుని అద్దానికి ఆనించి చూపించింది. బస్సు డ్రైవరు యూనిఫాంతోనే వచ్చాడు. సూపర్‌మార్కెట్లో అరలు సర్దే బెంగాలీ ఆవిడ, నిన్నటిదాకా తనది ఒక ఉద్యోగమని కూడా ఎవరూ అనలేదనీ ఇవాళ దేశమంతా తన మీదే నిలబడిందంటున్నారనీ గట్టిగా నవ్వింది. నేను ఎక్సెల్ షీటులో గడులు గీశాను: పిల్లల పేరు, తరగతి, తల్లి పని, తండ్రి పని, రుజువు, కావలసిన రోజులు. రుజువు అడగాలని మా బడి పెద్దలు అనుకున్నారు. ఆ గడిలో టిక్కు పడిన పేర్లే హెడ్‌టీచర్ గదిలోకి వెళ్ళాయి.

వచ్చినవాటిల్లో అన్నిటికన్నా చక్కటి కాగితం ఒక తెలుగాయనది. కంపెనీ లెటర్‌హెడ్ మీద హెచ్‌ఆర్ సంతకంతో, ఈ ఉద్యోగి ఒక బ్యాంకు చెల్లింపుల వ్యవస్థని చూసుకుంటున్నాడనీ అది ఒక గంట ఆగినా లక్షలమందికి ఇబ్బంది అనీ వివరంగా రాసి ఉంది. అందులో అబద్ధం ఏమీ లేదు. భార్యాభర్తలిద్దరూ ఐటీలోనే, ఇద్దరికీ ఇంటినుంచే పని. "మేడమ్, లిస్టులో క్లియర్‌గా ఉంది కదండీ. పిల్లలు పక్కనుంటే కాల్స్ తీసుకోలేం" అన్నారాయన మర్యాదగా. టిక్కు పెట్టాను.

ఆయన వెళ్ళాక వరసలో చివరగా ఒకతను వచ్చాడు. కొడుకు మా బడిలో మూడో తరగతి. హై స్ట్రీట్ నార్త్‌లో బిర్యానీ టేక్‌అవే వంటగదిలో రాత్రిపూట పని. ఆ రాత్రినుంచే హోటళ్ళలో కూర్చుని తినడం బందు అయినా పార్సిళ్ళకి అనుమతి ఉంది. అంటే తిండి అందించే వర్గంలోకి అతను కూడా వచ్చినట్టే. లెటర్ తెచ్చారా అని అడిగాను.

"మా ఓనరు ఇయ్యడక్కా. ఇస్తే నేను ఆడ పనిచేస్తన్నానని రాసిచ్చినట్టే గదా. ఆయనకెందుకు ఆ తలనొప్పి."

జీతం చేతికే ఇస్తారు. పే స్లిప్పు లేదు. భార్య ఇంట్లోనే ఉంటుంది, చంకలో చంటిపాప. అలాంటప్పుడు నేను అడగాల్సిన ప్రశ్న ఒకటి రాసిచ్చారు, అడిగాను: బాబుని ఇంట్లో ఉంచుకునే వీలుంది కదా?

"ఇల్లుంటే ఉంచుకోవచ్చక్కా. మాది ఒక రూము."

ఆ జవాబు రాసుకోవడానికి నా షీటులో గడి లేదు. చివర్లో ఖాళీగా ఉన్నచోట చిన్న అక్షరాలతో టైపు చేసి, హెడ్‌టీచర్‌కి నోటితో కూడా చెప్పాను. ఆవిడ మనసున్న మనిషే. కానీ ఆ సాయంత్రం ఆవిడ ముందున్న లెక్క వేరు: ఎంతమంది టీచర్లు ఆరోగ్యంగా ఉన్నారు, ఎంతమందికి ఆస్తమా, ఎంతమంది గర్భవతులు, సోమవారం ఎన్ని గదులు తెరవగలం. తల్లి ఇంట్లో ఉంది, రుజువు లేదు. ఆ పేరు కింద అడ్డగీత పడింది.

నా కొడుకు అప్పుడు నాలుగో తరగతి, అదే బడి. బడి సిబ్బంది పిల్లలూ జాబితాలో ఉన్నారు. మా ఆయనది డాగెన్‌హామ్‌లో మందుల గోడౌనులో పని, ఆయనకీ సెలవు లేదు. కాబట్టి మావాడికి అన్ని టిక్కులూ పడ్డాయి. సీటు రాని తెలుగు తల్లి ఒకామె వారం తర్వాత ఫోన్‌లో, "మీ బాబుకైతే ఉంటది కదా మేడమ్" అంది. దెప్పిపొడుపు ఏమీ లేదు ఆ గొంతులో, ఉన్న మాటే అంది. ఉంటుందండీ అన్నాను.

తీరా సోమవారం, మార్చి 23న, ఆరువందల మంది చదివే బడికి రెండు పదుల మంది కూడా రాలేదు. పేర్లు ఇచ్చినవాళ్ళే వెనక్కి తగ్గారు. ఆ ఐటీ ఆయన కూడా, "ఇప్పుడు రిస్క్ ఎందుకులెండి, మేమే చూసుకుంటాం" అని ఈమెయిల్ పెట్టారు. దేశం మొత్తం మీదా అంతే, తెరిచి ఉంచిన బళ్ళలో పిల్లలు నామమాత్రం. హాల్లో నేలకి పసుపుపచ్చ టేపు అంటించి రెండేసి మీటర్ల దూరంలో బల్లలు వేశాం. తొమ్మిదింటికి తెర మీద జో విక్స్ యూట్యూబ్ వ్యాయామం. ఐదేళ్ళ పిల్ల నుంచి పదకొండేళ్ళ పిల్లాడి దాకా ఒకే గదిలో గంతులేసేవాళ్ళు. తర్వాత ఇంద్రధనుస్సులు గీసి కిటికీలకి అంటించేవాళ్ళు. మావాడు వారంలోనే, "అమ్మా, ఇది బడి కాదు" అని తేల్చేశాడు. వాడి స్నేహితుడు ఒక్కడూ లేడు మరి.

వెనక్కి తగ్గినవాళ్ళని తప్పుపట్టడానికి లేదు. రాయల్ డాక్స్ దగ్గర ఎక్సెల్ ఎగ్జిబిషన్ హాలుని నైటింగేల్ ఆస్పత్రిగా మార్చి ఏప్రిల్ 3న తెరిచారు. అది మా న్యూహామ్ బరోలోనే. వేలమందికి పడకలు వేసే ఏర్పాట్లు రోజూ టీవీలో చూస్తుంటే పిల్లల్ని గడప దాటించే ధైర్యం ఎవరికి వస్తుంది? తర్వాత జాతీయ గణాంక సంస్థ లెక్కలు వెలువడ్డాయి. మార్చి మొదటినుంచి ఏప్రిల్ 17 దాకా ఇంగ్లండ్, వేల్స్ మొత్తంలో కోవిడ్ మరణాల రేటు అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది మా బరోలోనే: లక్షకి 144. బస్సులు నడిపేవాళ్ళు, ముసలివాళ్ళని కడిగి తుడిచేవాళ్ళు, గోడౌన్లలో మూటలెత్తేవాళ్ళు, ఒకే ఇంట్లో మూడు కుటుంబాలుగా ఉండేవాళ్ళు ఎక్కువున్న చోటు ఇది. శుక్రవారం యూనిఫాంతో వచ్చిన డ్రైవరు ఏప్రిల్లో వెంటిలేటర్ మీదికి వెళ్ళి, బతికి బయటపడ్డాడు. గురువారాలు రాత్రి ఎనిమిదింటికి, నర్సులకీ ఆగకూడని పనులు చేసేవాళ్ళకీ కృతజ్ఞతగా జనమంతా గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టేటప్పుడు నేనూ కొట్టాను. అవి అందుకుంటున్నవాళ్ళ పిల్లల పేర్లన్నీ నా షీటులో లేవని నాకు తెలుసు.

రెండో రకం పిల్లల కోసమే తలుపు తీసి ఉంచామని మేం అనుకున్నాం. వాళ్ళు అసలు రాలేదు. సోషల్ వర్కర్ ఉన్న పిల్లల్లో ఏప్రిల్ సగానికి పదిమందిలో ఒక్కరు కూడా బడికి రావడం లేదని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. వారానికొకసారి ఆ ఇళ్ళకి ఫోన్ చేయడం నా వంతు. కొందరు ఎత్తేవారు కాదు. ఎత్తినవాళ్ళు, "మావాడు బాగానే ఉన్నాడు" అని పెట్టేసేవాళ్ళు. ఒక తల్లి మాత్రం విప్పి చెప్పింది. ఇప్పుడు బడికి వచ్చే నలుగురిలో తన కూతురు ఒకతె అయితే, ఎందుకు వచ్చిందో అందరికీ తెలిసిపోతుంది. నర్సు కూతురు వస్తే గౌరవం, మా పిల్ల వస్తే అనుమానం అంది. ఒకే తలుపులోంచి రెండు రకాల పిల్లల్ని పిలిచాం కానీ ఆ తలుపు ముందు నిలబడడం ఇద్దరికీ ఒకటి కాదు. సోషల్ వర్కర్ చెప్పి చూసింది, హెడ్‌టీచర్ స్వయంగా వాళ్ళింటి గుమ్మం దాకా వెళ్ళింది. ఆ పిల్ల జూన్ దాకా రాలేదు.

కాగితం ఎంత పని చేస్తుందో నాకు పూర్తిగా తెలిసింది ఏప్రిల్ రెండో వారంలో. సాయంత్రం ఆఫీసు మూసేవేళకి ఫోన్. గొంతు గుంటూరు వైపుది.

"అక్కా, మీరు తెలుగువాళ్ళే కదా? మా పాప ఒకటో తరగతండీ."

భర్త ఇక్కడ మాస్టర్స్ చదువుతున్నాడు. ఆమె డిపెండెంట్ వీసా మీద వచ్చి బార్కింగ్‌లో ఒక కేర్ హోమ్‌లో ఏజెన్సీ తరఫున పని చేస్తోంది. రేపు డ్యూటీ ఉందో లేదో ఈరోజు రాత్రి మెసేజ్ వస్తే తెలుస్తుంది. మార్చిలో ఫారం నింపలేదు, భర్త క్లాసులు ఆన్‌లైన్ అయ్యాయి కాబట్టి పాపని ఆయన చూసుకునేవాడు. ఇప్పుడు ఆయనకి కోవిడ్ వచ్చి తగ్గింది, నీరసంతో లేవలేకపోతున్నాడు. తమ ఐసోలేషన్ గడువు ముగిసిందని ఆమె తేదీలతో సహా చెప్పింది. ఇల్లు పంచుకున్నవాళ్ళు పాపని వంటగదిలోకి రానివ్వడం లేదట. పనికి వెళ్ళకపోతే ఏజెన్సీ ఇంకొకరిని పంపుతుంది, అద్దె కట్టాలి.

జాబితాలో మొదటి వర్గంలో మొదటి వరసలో ఉండే పని ఆమెది. ఆ కేర్ హోమ్‌లో అప్పటికే ముసలివాళ్ళు చనిపోతున్నారు. కానీ రుజువు? ఏజెన్సీ ఫోన్ ఎత్తదు. కేర్ హోమ్‌ని అడిగితే నువ్వు మా ఉద్యోగివి కాదు అంటారు. యూనిఫాం వాళ్ళదే, బ్యాడ్జి మీద మాత్రం పేరు లేదు, విజిటర్ అని ఉంటుంది.

"అక్కా, జీతం పడ్డ బ్యాంక్ మెసేజులు ఉన్నాయి. డ్యూటీ వాట్సాప్ మెసేజులు ఉన్నాయి. అవి సరిపోవా?"

ఫోన్‌లోనే పంపించమన్నాను. తెల్లవారి ప్రింటు తీస్తే కాగితం నిండా షిఫ్టు వేళలు: 7 నుంచి 7, 7 నుంచి 7, ఒకచోట "కెన్ యూ డూ టునైట్ ఆల్సో డియర్". హెడ్‌టీచర్ రెండు పేజీలు తిప్పి చూసి, ఇంతకన్నా రుజువు నాకూ లేదు అని సంతకం పెట్టింది. మర్నాడు పొద్దున పాప వచ్చింది. మధ్యాహ్నం జాకెట్ పొటాటో పెడితే తొక్కతో సహా తినేసి, ఇంకోటి ఉందా అని అడిగింది.

ఆ తిండి సంగతి కూడా చెప్పాలి. మా బరోలో ప్రైమరీ పిల్లలందరికీ, తల్లిదండ్రుల ఆదాయంతో పనిలేకుండా, బడిలో భోజనం ఉచితం. బడి మూసేసరికి అది పోయింది. ప్రభుత్వం పేద పిల్లలకి వారానికి 15 పౌండ్ల వోచర్లు ఇచ్చింది కానీ వాటికి అర్హత ప్రభుత్వ సాయం పొందే కుటుంబాలకే. వీసా మీద ఉన్నవాళ్ళలో చాలామందికి ప్రభుత్వ సాయం పొందే హక్కు లేదని వీసా షరతుల్లోనే రాసి ఉంటుంది. అలాంటి కుటుంబాల్లో కొందరికి ప్రభుత్వం తాత్కాలికంగా సడలింపు ఇచ్చింది ఏప్రిల్లో. ఈలోగా మా వంటామె రొట్టెలు, యాపిళ్ళు, చీజు ముక్కలు సంచుల్లో సర్ది గేటు దగ్గర పెట్టేది. ఎవరు తీసుకున్నారో రాయొద్దని హెడ్‌టీచర్ ఆర్డరు. మేం పేరు, పని, రుజువు అడగకుండా చేసిన పని ఆ ఏడాదిలో అదొక్కటే. టేక్‌అవే అతని కొడుకుని మళ్ళీ చూసింది ఆ సంచుల దగ్గరే.

జూన్ 1 నుంచి చిన్న తరగతులు రెండింటినీ ఆరో తరగతినీ పదిహేనేసి మంది గుంపులుగా పిలవమన్నారు. సెప్టెంబర్‌లో అందరూ వచ్చారు. ఆ నెలలోనే మా అక్కతో మాట్లాడినప్పుడు ఈ గొడవంతా చెప్పాను. నల్గొండ జిల్లాలో ఆమె సర్కారు బడి టీచరు. అక్కడ సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. పిల్లలు చూస్తున్నారో లేదో టీచర్లు చూసుకోవాలి.

"మాకు నీ తిప్పలు లేవే. అందరికి మూసిన్రు, అయిపాయె. గీ పిల్ల రావాలె, గా పిల్ల రావొద్దు అని మేం చెప్పే పనే లేదు."

అయితే నయమే కదా అన్నాను.

"ఏం నయం? టీవీ ఉన్నోళ్ళింట్ల పిల్లలు సూస్తుండ్రు. తల్లి పత్తి చేనుకు పోతే పిల్ల గూడ చేనుకే పోతుంది. నువ్వు కిటికీ కాడ కూసొని తీసేసినవు, ఈడ ఎవలు తీసేయకుండనే పోయిన్రు."

మా అక్క మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. అందరికీ మూసేయడం చూడ్డానికి సమానంగా ఉంటుంది, అడిగేవాడూ ఉండడు, జవాబు చెప్పేవాడూ ఉండడు. ఇక్కడ కనీసం ఒక షీటు ఉంది, అందులో కొట్టేసిన పేరు కనిపిస్తుంది. కనిపించేదాన్ని దిద్దడానికి వీలుంటుంది. ఆ దిద్దుబాటు అవకాశం అనుకోకుండా జనవరిలో వచ్చింది.

డిసెంబర్లో లండన్‌లో కొత్త రకం వైరస్ ఊపందుకుంది. మా బరో ప్రైమరీ బళ్ళు సెలవుల తర్వాత అందరికీ తెరవొద్దని 30వ తేదీన చెప్పారు. 2021 జనవరి 4 రాత్రి ప్రధాని బోరిస్ జాన్సన్ ఇంగ్లండ్ అంతటికీ లాక్‌డౌన్ ప్రకటించారు. మళ్ళీ అదే జాబితా, అదే కిటికీ. జనం మాత్రం మారిపోయారు. జబ్బు మార్చి కంటే ఉధృతంగా ఉంది, భయం మాత్రం అంత లేదు. ఇంట్లో పిల్లల్ని పక్కన పెట్టుకుని పని చేయడమంటే ఏమిటో అందరికీ తెలిసొచ్చింది. పై అధికారులు కూడా, బళ్ళు తెరిచే ఉన్నాయిగా, మీకు లెటర్ ఇస్తాం, పంపించండి అనడం మొదలుపెట్టారు. మార్చిలో చివరికి ఇరవై పేర్లు కూడా మిగలని షీటు రెండు రోజుల్లో నిండిపోయింది. దేశంలో ప్రైమరీ పిల్లల్లో ఐదో వంతు బడికి వచ్చారు ఆ నెల. మా బడిలో సీటు అడిగినవాళ్ళు సగానికి దగ్గర.

అంతమందిని తీసుకుంటే అది లాక్‌డౌన్ అనిపించుకోదు. హెడ్‌టీచర్ల సంఘాలు ఒత్తిడి తెస్తే, జాబితాలో ఉన్నవాళ్ళు సైతం వీలైతే పిల్లల్ని ఇంట్లోనే ఉంచాలి అన్న వాక్యాన్ని ప్రభుత్వం ఆ వారాంతానికి స్పష్టంగా చేర్చింది. మా బడి తనకంటూ ఒక వరస పెట్టుకుంది. తల్లిదండ్రులిద్దరూ ఇల్లు విడిచి పని చేసేవాళ్ళు ముందు. ఒక్కరే పిల్లల్ని పెంచుతూ బయట పని చేస్తుంటే వాళ్ళూ అందులోనే. ఇంటినుంచి పని చేసేవాళ్ళు చివర. ఐటీ ఆయన ఫోన్ చేశారు. ఈసారి మర్యాద కొంచెం పల్చబడింది.

"మార్చిలో ఇచ్చిన సీటు ఇప్పుడెందుకు లేదండీ? రూల్ మారలేదు కదా. ఒక్క పేరెంట్ చాలని గవర్నమెంటే అంటోంది."

రూలు ఆయన వైపే ఉంది. పిల్లలిద్దరూ చెరో టాబ్లెట్‌తో చెరో గదిలో ఉన్నారనీ, భార్య ఆ వారమే ప్రాజెక్టు ఒత్తిడి తట్టుకోలేక ఏడ్చిందనీ కూడా ఆయనే చెప్పారు. రెండూ నిజాలే. వారంలో రెండు రోజులు ఇస్తామని హెడ్‌టీచర్ చెప్పమంది. ఆయన ఒప్పుకున్నారు, సంతోషంగా కాదు.

ఆ జనవరి నిబంధనల్లో కొత్తగా చేరిన ఒక్క మాట నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది. పాఠాలు వినడానికి పరికరం లేకపోయినా, కూర్చుని చదువుకునే ప్రశాంతమైన చోటు లేకపోయినా, ఆ పిల్లలకీ బడిలో చోటు ఇవ్వవచ్చు. తల్లిదండ్రుల పనేమిటన్న ప్రశ్న అక్కడ లేదు.

ఆ వారం ఆన్‌లైన్ క్లాసులకి రాని పిల్లల ఇళ్ళకి వర్క్‌షీట్ల కట్టలు ఇచ్చి రావడానికి మేం ఇద్దరేసి వెళ్ళాం. టేక్‌అవే అతని ఇంటి తలుపు ఇంకో వాటాలో ఉండే ఆయన తీశాడు. లోపల ఇరుకైన నడవ, గోడవారగా సైకిళ్ళు, బియ్యం బస్తాలు. మేడ మెట్ల మీద మధ్యలో కూర్చున్నాడు పిల్లాడు. పై మెట్టు మీద తండ్రి బూటు నిలబెట్టి దానికి ఫోన్ ఆనించాడు. తెర పగిలి ఉంది. టీచరు భిన్నాలు చెబుతోంది. పైన్నించి ఎవరో దిగుతుంటే ఫోనూ బూటూ పుస్తకమూ ఒడిలోకి లాక్కుని గోడకి ఒత్తుకున్నాడు. వాళ్ళు వెళ్ళాక అన్నీ యథాస్థానంలో పెట్టాడు. ఎంత అలవాటైపోయిందో ఆ చేతులు చూస్తే తెలుస్తోంది. గదిలో ఎందుకు కూర్చోలేదని అడిగితే, "నాన్న పడుకున్నాడు. పాప ఏడిస్తే టీచర్ మ్యూట్ చేస్తుంది" అన్నాడు.

ఆఫీసుకి వచ్చి షీటులో తల్లి పని, తండ్రి పని, రుజువు అన్న గడులు ఖాళీగానే వదిలి, కొత్త నిబంధన నంబరు వేసి పక్కన రాశాను: మెట్ల మీద చదువుకుంటున్నాడు. హెడ్‌టీచర్ ఇంకేమీ అడగలేదు. మర్నాటి నుంచి వాడు బడిలో, బల్ల దగ్గర. మార్చి 8న అందరికీ బళ్ళు తెరిచేదాకా ఒక్క రోజు మానలేదు. ప్రభుత్వం పంపిన లాప్‌టాప్ వాళ్ళింటికి చేరింది ఫిబ్రవరిలో. వైఫై లేదు కాబట్టి దాన్ని కూడా రోజూ బడికే తెచ్చుకునేవాడు.

2020 మార్చిలోనూ ఆ పిల్లాడిది అదే గది, అవే మెట్లు, తండ్రిది అదే పని. మారింది మేం అడిగిన ప్రశ్న. నాన్న ఏం పని చేస్తాడు అని అడిగినంతకాలం మాకు కనిపించింది తండ్రి ఉద్యోగం, ఆ ఉద్యోగానికి ఉన్న పరపతి, దాన్ని కాగితం మీద పెట్టగలిగే యజమాని. దేశం నడవడానికి ఎవరు కావాలో తేల్చడం ప్రభుత్వానికి అవసరమే, ఆస్పత్రులు నర్సులు లేకుండా నడవవు. కానీ నర్సుకి బడి అవసరం కావడం వేరు, పిల్లాడికి బడి అవసరం కావడం వేరు. మొదటిదానికి ఎనిమిది వర్గాల జాబితా ఒక్క రాత్రిలో తయారైంది. రెండోదానికి ఒక్క వాక్యం రావడానికి తొమ్మిది నెలలు దాటింది.

ఆ తర్వాత విద్యా సంవత్సరంలో, మళ్ళీ మూయాల్సి వస్తే ఏం చేయాలో బళ్ళన్నీ ప్లాన్ రాసుకున్నప్పుడు, మా బడి ఫారం ముసాయిదా నా దగ్గరికే వచ్చింది. మొదటి గడిలో తల్లిదండ్రుల ఉద్యోగం ఉంది. దాన్ని మూడో చోటికి దించమని అడిగాను. ఇప్పుడు మొదటి ప్రశ్న, పగలు మీ బిడ్డ ఎక్కడ కూర్చుని చదువుకుంటుంది? రెండోది, ఆ సమయంలో పక్కన ఎవరుంటారు, వాళ్ళు మెలకువగా ఉంటారా? రుజువు కావాలన్న గడి తీసేశాం, దాని బదులు టీచరుకి తెలిసిన సంగతులు రాయడానికి నాలుగు లైన్లు వదిలాం.

దీనికీ ఇబ్బందులున్నాయని హెడ్‌టీచర్ ముందే అంది. లెటర్‌హెడ్ చూసి టిక్కు పెట్టడం నిమిషం పని, ఒక ఇంటి సంగతి తెలుసుకోవాలంటే అరగంట మాట్లాడాలి. అబద్ధాలు చెప్పేవాళ్ళు ఈ ప్రశ్నలకీ చెబుతారు. సిగ్గుపడేవాళ్ళు ఒక రూములో ఉన్నామని ఒప్పుకోరు. అందుకే ఈ సంగతులు కొంపలు మునిగే రోజున కాకుండా, ఏటా సెప్టెంబర్‌లో టీచర్లు తల్లిదండ్రుల్ని కలిసినప్పుడే మెల్లగా అడిగి రాసుకోవాలని అనుకున్నాం. ఇప్పుడు ఆ ఫారం అడ్మిషన్ ఫైల్లోనే ఉంటోంది. కొత్తగా చేరిన తెలుగు కుటుంబాలు నింపేటప్పుడు, ఇదంతా ఎందుకండీ అని అడుగుతుంటారు. బడి మూసేస్తే ముందు ఎవరిని పిలవాలో తెలియడానికి అని చెబుతాను. మళ్ళీ మూస్తారా అని కంగారుపడతారు. మూయకపోయినా, ఏ పిల్లాడికి హోంవర్క్ చేసుకోవడానికి బల్ల లేదో టీచరుకి తెలియాలి కదండీ అంటాను. చాలామంది అప్పుడే నిజం రాస్తారు.